పాత కారు, కొత్త లైసెన్సు, దాని మీద పాయింట్లు: బ్రిటన్‌లో ఏ బీమా ఎంచుకోవాలి?

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లలు స్టీరింగు పట్టే వయసుకు వచ్చేశారు. చదువుకోవడానికి వచ్చి ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్లూ చాలామందే. వీళ్లలో కొందరికి పాత బ్రిటిష్ కార్ల మీద తీరని మోజు. ఎంజీబీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, మోరిస్ మైనర్, తొలితరం మినీ లాంటివి కనిపిస్తే చాలు, ఆగిపోతారు. ఇంట్లో పెద్దవాళ్లకూ ఈ కార్లు పరాయివి కావు. మన అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సీరీస్ 3 నుంచి వచ్చిందే. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు మూలం ఇక్కడి ట్రయంఫ్ హెరాల్డ్. కారు వెతుక్కుని కొనడం పెద్ద పని కాదు. వయసు 25 లోపు ఉండి, లైసెన్సు మీద డ్రైవింగ్ తప్పులకు పడే పాయింట్లు మూడో ఆరో ఉన్నప్పుడు బీమా దగ్గరే అసలు చిక్కంతా వస్తుంది.

ఇలాంటప్పుడు చాలామంది బీమా ధరలు పోల్చి చూపే వెబ్‌సైట్లలో వివరాలు నింపి, వచ్చిన అంకెల్లో చిన్నదాన్ని ఎంచుకుంటారు. మామూలు కారుకు ఆ పద్ధతి సరిపోవచ్చు. పాయింట్లున్న యువ డ్రైవరుకు, అందులోనూ పాత కారుకు, అది సరిపోదని నా గట్టి నమ్మకం. మీరు ముందు చూడాల్సింది పాలసీలోని షరతులు, ఆ తర్వాతే ప్రీమియం. షరతు తప్పి పోలీసులకు దొరికితే డబ్బుతో పాటు లైసెన్సూ పోయే స్థితిలో మీరు ఉన్నారు కాబట్టి.

ముందు లైసెన్సు లెక్క తేల్చుకోండి

డ్రైవింగ్ పరీక్ష తొలిసారి పాసైన రోజు నుంచి 2 ఏళ్లలోపు చేసిన తప్పులతో 6 పాయింట్లు చేరితే లైసెన్సు రద్దవుతుంది. మళ్లీ ప్రొవిజనల్ (లెర్నర్) లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకుని, థియరీ పరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ కొత్తగా పాసవ్వాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో పదేళ్లు కారు నడిపిన అనుభవం ఇక్కడ అక్కరకు రాదు. భారతీయ లైసెన్సు మీద ఇక్కడ నివాసం మొదలైన నాటి నుంచి 12 నెలలు మాత్రమే నడపవచ్చు. ఆ తర్వాత ఇక్కడి పరీక్ష పాసైన రోజునే మీరు కొత్త డ్రైవరు, మీ రెండేళ్ల గడువు అప్పుడే మొదలవుతుంది. పాత కార్ల బీమా సంస్థలు చాలావరకు ఇక్కడి పూర్తి లైసెన్సు ఎన్నాళ్లుగా ఉందనే అడుగుతాయి.

తప్పులన్నీ ఒక్క తూకంలోకి రావు. ఎస్‌పీ30 కోడుతో వచ్చే అతివేగం కేసుకు సాధారణంగా 100 పౌండ్ల జరిమానా, 3 పాయింట్లు. అదొక్కటే ఉంటే బీమా వాళ్లు మరీ బెదిరిపోరు. ఫోను చేత్తో పట్టుకుని నడిపితే సీయూ80 కింద 200 పౌండ్లు, 6 పాయింట్లు. బీమా లేకుండా నడిపితే ఐఎన్10. దానికి 300 పౌండ్లు, 6 పాయింట్లు, కోర్టు దాకా వెళ్తే 8 పాయింట్ల వరకు. కొత్త డ్రైవరుకు ఈ రెండింటిలో ఏ ఒక్కటైనా లైసెన్సు ఊడగొడుతుంది. తాగి నడిపిన డీఆర్10 అయితే పాత కార్ల బీమా సంస్థల్లో చాలావరకు తలుపు వేసేస్తాయి.

తేదీల విషయంలోనే ఎక్కువమంది తడబడతారు. ఎస్‌పీ30 లైసెన్సు మీద తప్పు జరిగిన నాటి నుంచి 4 ఏళ్లు ఉంటుంది. బీమా ఫారాల్లో మాత్రం సాధారణంగా గత 5 ఏళ్ల సంగతి అడుగుతారు. అంటే లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏ రికార్డులో పాయింట్లు చెరిగిపోయాక కూడా ఏడాదిపాటు వాటిని చెప్పాల్సిందే. స్పీడ్ అవేర్‌నెస్ కోర్సుకు వెళ్లినవాళ్లకు పాయింట్లు పడవు, అది నేర నిర్ధారణ కిందికీ రాదు. అయినా కొన్ని సంస్థలు కోర్సు గురించి విడిగా అడుగుతాయి. అడిగితే దాచకూడదు. డీవీఎల్‌ఏ సైటులో మీ లైసెన్సు వివరాలు ఉచితంగా చూడవచ్చు. కోడ్లు, తేదీలు ఒక కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకోండి. ఇకముందు ప్రతి ఫోను కాల్‌లోనూ అవి కావాలి.

పాత కార్ల ప్రత్యేక పాలసీ

హ్యాగర్టీ, ఫుట్‌మన్ జేమ్స్, లాంకాస్టర్ లాంటి సంస్థలు నడిపేది ఈ వ్యాపారమే. వీటిలోని పెద్ద ఆకర్షణ అగ్రీడ్ వాల్యూ. కారు ఫొటోలు, మరమ్మతుల రసీదులు, అవసరమైతే ఓనర్స్ క్లబ్బు ఇచ్చిన విలువ పత్రం చూసి, కారు విలువ ఎంతో మీరూ సంస్థా ముందే ఒప్పుకుంటారు. కారు పూర్తిగా పాడైనా, దొంగతనానికి గురైనా ఆ మొత్తమే లెక్క. భారతదేశంలో అయిదేళ్లు దాటిన బండికి ఐడీవీని, అంటే పాలసీలో రాసే బండి విలువను, బీమా సంస్థా యజమానీ మాట్లాడుకుని ఖాయం చేసుకోవడం మనవాళ్లకు తెలిసిందే కదా, ఇదీ దాదాపు అలాంటి ఏర్పాటే. మామూలు పాలసీలో అయితే ప్రమాదం జరిగిన రోజుకు మార్కెట్ విలువ ఎంతో అంతే ఇస్తారు. మరమ్మతులు చేయించి, కొత్త సీట్లు వేయించి, తుప్పు పట్టిన రేకులు మార్పించిన ఎంజీబీకి ఆ ‘మార్కెట్ విలువ’ ఎవరు కడతారు? ప్రమాదం జరిగాక ఆ వాదనలో గెలవడం కష్టం.

ప్రీమియం కూడా తరచుగా తక్కువే. కారణం తేలికే: ఇలాంటి కార్లు తక్కువ తిరుగుతాయి, గ్యారేజీలో ఉంటాయి, యజమానులు కంటికి రెప్పలా చూసుకుంటారు. ఆ తక్కువ ధర ఈ షరతుల మీదే నిలబడి ఉంది. ఏడాదికి 1,500 లేదా 3,000 లేదా 5,000 మైళ్లు అని పరిమితి ఉంటుంది. రోజువారీ వాడకానికి మరో కారు ఉందని రుజువు అడుగుతారు. రాత్రిళ్లు తాళం వేసిన గ్యారేజీలో ఉండాలంటారు. చాలా సంస్థలు 25 ఏళ్లు నిండాలంటాయి, కొన్ని 21 దగ్గర గీత గీస్తాయి, అంతకంటే చిన్నవాళ్లను తీసుకునేవి కొద్ది.

ఈ షరతుల్లో మిమ్మల్ని ముంచగలిగేది వాడకం షరతు. పాలసీలో వాడకం సొంత పనులకు, సరదాకు మాత్రమే అని రాసి ఉంటే, ఆఫీసుకు వెళ్లడం అందులోకి రాదు. సోమవారం వర్షం పడుతోంది, రోజూ తీసే కారు స్టార్టు కాలేదు, సరేలే ఒక్కరోజే కదా అని స్పిట్‌ఫైర్ తీసి ఆఫీసుకు బయలుదేరారనుకోండి. దారిలో పోలీసులు ఆపి ఎక్కడికని అడిగితే, ఆ ప్రయాణానికి మీకు బీమా లేనట్లే లెక్క. ఐఎన్10, 6 పాయింట్లు. పరీక్ష పాసై రెండేళ్లు నిండనివాళ్లకు లైసెన్సు రద్దు. కారును అక్కడికక్కడే స్వాధీనం చేసుకునే అధికారమూ పోలీసులకు ఉంది. ఆఫీసు ప్రయాణం కూడా కలపమని అడిగితే చాలా సంస్థలు కొంత అదనంగా తీసుకుని కలుపుతాయి. ఏడాదిలో ఒక్కసారైనా అవసరం పడుతుందనిపిస్తే ఆ డబ్బు కట్టేయండి. ఇందులో పొదుపు గురించి ఆలోచించకండి.

ఇంకో సంగతి యువకులకు సాధారణంగా ఎవరూ చెప్పరు. పాత కార్ల పాలసీల్లో చాలావాటిలో నో క్లెయిమ్ బోనస్ పోగవదు. మూడేళ్లు చిన్న గీత కూడా పడకుండా నడిపినా, రేపు మామూలు కారు కొన్నప్పుడు చేతిలో సున్నా ఉంటుంది. పాయింట్ల వల్ల పెరిగిన ప్రీమియాన్ని కిందికి దించగల ఆయుధం ఆ బోనస్సే కాబట్టి ఇది మీకు చిన్న నష్టం కాదు. పాలసీ తీసుకునే ముందే, బోనస్ పోగవుతుందా, అయితే దాన్ని మరో సంస్థ ఒప్పుకునేలా రాతపూర్వకంగా ఇస్తారా అని అడిగి తెలుసుకోండి.

మామూలు పాలసీ మీదే పాత కారు

ఇంట్లో ఉన్నది ఒక్కటే కారు, అదే పాత మినీ, దానిమీదే ఉద్యోగానికి వెళ్లాలి. అలాంటప్పుడు ప్రత్యేక పాలసీ దొరకడం కష్టం. దొరికినా నప్పదు. మామూలు సమగ్ర పాలసీలో మైళ్ల పరిమితి మీరు చెప్పినంత, ఆఫీసు ప్రయాణం కలుస్తుంది, ఏడాది గడిస్తే బోనస్ పోగవుతుంది. లోపం మార్కెట్ విలువ దగ్గర. పైగా పోలిక సైట్లలో పాత మోడళ్లు, చేసిన మార్పులు సరిగా పట్టవు. ఇంజను మార్చినా, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు బిగించినా, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టినా చెప్పి తీరాలి, ఫారంలో దానికి గడి లేకపోయినా సరే.

కారు నడిపే తీరును ఒక పరికరంతో గమనించే బ్లాక్ బాక్సు పాలసీలు యువ డ్రైవర్లకు ప్రీమియం తగ్గిస్తాయన్నది నిజమే. పాయింట్లున్నవాళ్లకు మంచి నడవడి చూపించుకునే దారి కూడా. కానీ పాత కారులో దాన్ని పెట్టడమే ఒక సమస్య. ప్లగ్గులా గుచ్చే పరికరానికి ఓబీడీ సాకెట్ (కొత్త కార్లలో కంప్యూటరుకు కలిపే రంధ్రం) కావాలి. 1970ల నాటి కారులో అది ఉండదు. వైర్లతో బిగించే రకానికి ఇంకో గండం ఉంది: 1967కు ముందరి ఎంజీబీల్లో, 1969కు ముందరి మినీల్లో బ్యాటరీ ధన ధ్రువం బాడీకి కలిపి ఉంటుంది. ఆధునిక పరికరాలన్నీ రుణ ధ్రువం బాడీకి కలిపే కార్ల కోసం చేసినవి. తెలియని మెకానిక్ అలవాటు కొద్దీ తీగ కలిపితే పెట్టె కాలిపోవచ్చు, దానితో పాటు వైరింగూ పోవచ్చు. వారాల తరబడి కదలకుండా ఉండే కారులో ఆ పెట్టె బ్యాటరీని మెల్లగా ఖాళీ చేయడం ఇంకోటి. అందుకే పాత కారుకు ఇలాంటి పాలసీ తీసుకుంటే, అద్దానికి అంటించే చిన్న ట్యాగు, ఫోను యాప్ కలిసి పనిచేసే రకాన్నే అడగండి.

పాయింట్లున్నవాళ్ల కోసం పనిచేసే బ్రోకర్లు

కంప్యూటరు వద్దన్న కేసును మనిషి చూసి ఔననే చోటు ఇది. ఏడ్రియన్ ఫ్లక్స్ లాంటి బ్రోకర్లు పాత కార్లు, యువ డ్రైవర్లు, పాయింట్లున్నవాళ్లు, మూడు రకాల పాలసీలూ చూస్తారు. ఈ మూడూ ఒకే మనిషిలో కలిసినప్పుడు అలాంటి చోటే అడగాలి. అలాగే మీ మోడల్ క్లబ్బులో సభ్యత్వం తీసుకోండి. ఎంజీ, మినీ, మోరిస్ మైనర్ కార్లకు బ్రిటన్‌లో బలమైన క్లబ్బులున్నాయి. సభ్యులకు కొన్ని సంస్థలు తగ్గింపు ఇస్తాయి.

ఫోనులో సంభాషణ ఇంచుమించు ఇలా సాగుతుంది. “కారు రాత్రిపూట ఎక్కడ ఉంటుంది?” అని మొదలుపెడతారు. “ఇంటి గ్యారేజీలో” అంటే, “తాళం ఉందా? కారు అందులో నిజంగా పడుతుందా?” అంటారు. తర్వాత “రోజూ దేనిమీద వెళ్తారు?” వస్తుంది. “నాన్నగారి కారు పాలసీలో నా పేరు ఉంది” అంటే కొందరు సరేనంటారు, కొందరు మీ పేరు మీదే కారు ఉండాలంటారు. చివరికి పాయింట్ల ప్రస్తావన. ఇక్కడ నసగకండి. “ఎస్‌పీ30 ఒకటి, ఫలానా నెలలో, 30 పరిమితిలో 38, మూడు పాయింట్లు, ఆ తర్వాత ఏమీ లేవు” అని సూటిగా చెప్పండి. రెండేళ్ల కిందటి ఒక్క కేసుకూ నిరుటి మూడు కేసులకూ వాళ్ల దృష్టిలో చాలా తేడా ఉంటుంది. ఆ తేడాను చూపించే అవకాశం ఫోనులోనే దొరుకుతుంది.

బ్రోకరు చెప్పిన ప్రీమియం పక్కనే మరో మూడు అంకెలు రాసుకోండి. క్లెయిములో మొదట మీరు భరించాల్సిన ఎక్సెస్ ఎంత, అందులో యువ డ్రైవరు పేరిట అదనంగా కలిపింది ఎంత? మధ్యలో మానేస్తే కోత ఎంత? నెలవారీ వాయిదాల మీద వడ్డీ ఎంత? ప్రీమియం 150 పౌండ్లు తక్కువై, ఎక్సెస్ 600 పౌండ్లు ఎక్కువగా ఉన్న పాలసీ చవక అనుకోవడం పొరపాటు.

నాన్న పేరు మీద తీసుకుంటే?

మన ఇళ్లల్లో మొదట వచ్చే సలహా ఇదే. నాన్న కారు, నాన్న నడుపుతారు, అబ్బాయో అమ్మాయో అప్పుడప్పుడు తీస్తారు అంటే ఇందులో తప్పేమీ లేదు. పాలసీలో అదనపు డ్రైవరుగా పేరు చేర్చడం మంచి దారి, ప్రీమియం కూడా అందుబాటులో ఉండవచ్చు. కారు కొన్నదీ, నడిపేదీ పిల్లలే అయినప్పుడు నాన్నను ప్రధాన డ్రైవరుగా చూపించడం మాత్రం మోసం కిందికి వస్తుంది. ఇక్కడ దీన్ని ఫ్రంటింగ్ అంటారు. క్లెయిము వచ్చినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు ఎవరి ఫోను, ఎవరి ఆఫీసు, ఎవరి పార్కింగు అని ఆరా తీస్తారు. దొరికితే ఇద్దరి పేర్లూ చెడతాయి. పరాయి దేశంలో ఉద్యోగం చేసుకుంటున్న తల్లిదండ్రుల పేరును ఇందులోకి లాగడం నాకు అసలు నచ్చదు.

వివరాలు దాచడం గురించి చట్టం స్పష్టంగా ఉంది. 2012 నాటి వినియోగదారుల బీమా చట్టం ప్రకారం, అడిగిన ప్రశ్నకు తగిన జాగ్రత్తతో నిజం చెప్పాల్సిన బాధ్యత మీది. అజాగ్రత్తతో తప్పు చెప్పారని తేలితే క్లెయిము దామాషాలో తగ్గుతుంది. ఉదాహరణకు, నిజం చెబితే 1,800 పౌండ్లు కట్టాల్సిన చోట మీరు 900 కట్టి ఉంటే, కారు నష్టంలో సగమే వస్తుంది. కావాలని దాచారని తేలితే పాలసీనే చెల్లదనవచ్చు. అటుపైన “ఎప్పుడైనా మీ పాలసీ రద్దయిందా?” అన్న ప్రశ్నకు ప్రతి ఫారంలో ఔనని రాయాల్సి వస్తుంది. మూడు పాయింట్ల కంటే ఆ ఒక్క జవాబే ప్రీమియాన్ని ఎక్కువగా పెంచుతుంది.

ఏది ఎవరికి

రెండు కార్లు పెట్టుకోగలిగితే నేను సూచించేది ఇదే: చిన్న ఇంజను ఉన్న మామూలు కారు మీ పేరు మీద, దానికి మామూలు లేదా బ్లాక్ బాక్సు పాలసీ. పాత కారుకు తక్కువ మైళ్లతో, అగ్రీడ్ వాల్యూతో ప్రత్యేక పాలసీ. మొదటిది బోనస్ పోగుచేస్తుంది, రెండోది కారు విలువను కాపాడుతుంది. పైగా రోజూ నడిపే కారు ఉందన్న షరతూ తీరిపోతుంది.

ఒక్క కారే అయితే, అది పాతదే అయితే, మామూలు పాలసీయే మేలు. ఆ పాలసీలో మార్పులన్నీ రాయించండి, కారు ఫొటోలు, రసీదులు జాగ్రత్త చేసుకోండి, విలువ మీద వాదన వస్తే అవే సాక్ష్యం. బీమా సంస్థలు చెప్పే ప్రీమియం కారు ధరను మించిపోతోందంటే, ఈ ఏడాది ఆ కారును రోజూ నడిపే ఆలోచన మానుకోవడమే మంచిది.

పరీక్ష పాసై రెండేళ్లు నిండని, ఇప్పటికే 3 పాయింట్లున్నవాళ్లకు నా సలహా కాస్త కటువుగా ఉంటుంది: కారు కొనండి, రోడ్డు మీదికి తేకండి. కారు రోడ్డెక్కదని చెప్పే సోర్న్ ప్రకటన డీవీఎల్‌ఏకు పెడితే పన్ను అక్కర్లేదు, రోడ్డు బీమా తప్పనిసరి కాదు. అగ్ని ప్రమాదం, దొంగతనాల కోసం ‘లెయిడ్ అప్’ పాలసీ తక్కువకే వస్తుంది. సోర్న్ పెట్టకుండా బీమా మాత్రం మానేస్తే, కారు ఇంటి ముందు కదలకుండా ఉన్నా 100 పౌండ్ల జరిమానా నోటీసు వస్తుంది. ఈలోగా దాన్ని బాగుచేసుకోండి. పాత కారు తనంతట తానే పాయింట్లు తెచ్చిపెట్టగలదు. 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని కార్లకు ఏటా ఎంఓటీ పరీక్ష (కారు రోడ్డుకు తగినదా అని చూసే తనిఖీ) అక్కర్లేదు గానీ, రోడ్డుకు తగిన స్థితిలో ఉంచాల్సిన బాధ్యత యజమానిదే. అరిగిన టైరు ఒక్కోదానికి 2,500 పౌండ్ల దాకా జరిమానా, 3 పాయింట్లు. అంటే ఒక్క టైరు చాలు, మీ లెక్క ఆరుకు చేరుతుంది. అందుకే చట్టం అడగకపోయినా ఏడాదికోసారి ఎంఓటీ చేయించండి. కొందరు బ్రోకర్లు ఆ పత్రాన్ని మంచి గుర్తుగా తీసుకుంటారు కూడా.

పాలసీ చేతికి వచ్చాక 14 రోజుల్లోపు నచ్చకపోతే వదులుకునే హక్కు ఉంది. ఆ రోజుల్లోనే సర్టిఫికెట్టు మీద ఏ వాడకానికి బీమా ఉందో, మైళ్లను, మీ పాయింట్ల కోడ్లను ఒక్కొక్కటిగా సరిచూసుకోండి. వచ్చే ఏడు రెన్యూవల్ తేదీకి మూడు వారాల ముందే మళ్లీ సంస్థలను ప్రీమియం ఎంతో అడగండి. మీ కేసుకు అయిదేళ్లు నిండే రోజు రెన్యూవల్‌కు కొద్ది రోజుల తర్వాత పడుతుంటే, పాత కారును ఆ కొన్నాళ్లు సోర్న్ మీద గ్యారేజీలో ఉంచి, గడువు దాటాక కొత్త పాలసీ మొదలుపెట్టండి.